మరైగూడ చింతచెట్టుకి కట్టిన బాకా

నేను ఐదో తరగతి మూడుసార్లు చదివాను. ఇంకొకడైతే అన్నిసార్లు చదివినందుకు పండితుడయ్యేవాడు. నా విషయంలో మాత్రం పంతులుగారే బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ చదువులో నాకు మిగిలిన ఇంగ్లీషు రెండు ముక్కలు: ఆన్, ఆఫ్. మైకు సెట్టు నడపడానికి అంతకుమించి అక్కర్లేదు. రెండింటిలోనూ మొదటిదే నాకు బాగా వచ్చని రాజమండ్రిలో అందరూ అంటారు. రెండోది బస్తర్ సంస్థానం వెళ్ళి నేర్చుకొచ్చాను.

ఆ ప్రయాణం గురించి రాయమని మా వీధివాళ్ళే అడిగారు. నోటితో చెప్తే నేను ఆపడం లేదట. కాయితం మీదైతే ఎవరి వీలుకొద్దీ వాళ్ళు ఆపుకోవచ్చు కదా అని వాళ్ళ ఆలోచన.

రాజమండ్రి రేవు

ముందు నా సామాను సంగతి చెప్పేస్తాను. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు అమ్మేసిన సరుకులో కొన్నాను. ఒక యాంప్లిఫయరు పెట్టె. దాని లోపల గాజు వాల్వులు, పురిటి బిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకోవాలి. ఒక లారీ బ్యాటరీ. రాజమండ్రి కరెంటుని అందులో నింపుకుని కరెంటు లేని ఊరికి మోసుకుపోవచ్చు. ఉమ్మెత్తపువ్వు ఆకారంలో ఒక పెద్ద బాకా. చుట్టలు చుట్టలుగా వైరు. ఒక మైకు. దాని లోపల బొగ్గుపొడి ఉంటుంది. చెమ్మ తగిలితే అది గడ్డకట్టి మైకు నోరు మూసుకుంటుంది. అప్పుడు చెంపమీద రెండు తగిలించాలి.

ఈ విద్యలో నియమం ఒక్కటే. బాకా మైకుకి దూరంగా ఉండాలి. బాకా మాట మళ్ళీ మైకు చెవిన పడిందా, రెండూ కలిసి కూత పెడతాయి. రైలు కూత దానిముందు జోలపాట. అందుకే మైకువాళ్ళం కొత్త ఊళ్ళో దిగగానే మనుషుల్ని చూడం, చెట్లని చూస్తాం. ఎత్తుగా, స్టేజీకి దూరంగా ఒక చెట్టు కనిపిస్తే ఊరు మంచిదని అనుకుంటాం.

నన్ను పిలిచింది నాయుడుగారి నాటక సమాజం. మరైగూడ జాతరలో ఆట. అది కోంట అవతల, బస్తర్ సంస్థానంలో. అక్కడ అడవి కొట్టిస్తున్న కలప గుత్తేదారు మనవైపువాడే. కూలీల్లోనూ తెలుగువాళ్ళున్నారు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి దొర్ల తెగవాళ్ళూ వస్తారు, అందరికీ నాటకం చూపించాలని అతనికి పుట్టింది.

సమాజంలో రాజు వేషం కోటయ్యది. నేను బాబాయ్ అంటాను. ఇరవై ఏళ్ళుగా ఆయన రాజే. పోయిన వర్షాకాలం జ్వరం వచ్చి గొంతు దెబ్బతింది. పద్యం ఎత్తుకోవడం బాగానే ఎత్తుకుంటాడు. చివర రాగం తీసేటప్పుడు మాత్రం, నూనె అయిపోయిన దీపంలాగా, గొంతు అలా అలా తగ్గి ఆరిపోతుంది. పద్యనాటకంలో రాగం లేని రాజంటే ఎవరూ ఒప్పుకోరు.

లాంచి ఎక్కుతుంటే నాయుడుగారు నన్ను పక్కకి పిలిచి, కోటయ్యకి వినబడేలాగే చెప్పారు.

"ఒరేయ్ అప్పన్నా, మరైగూడలో కోటయ్య రాగం ఆఖరి వరుసవాడికి వినబడాలి. వినబడితే కిరీటం ఆయనదే. లేదూ, తిరిగొచ్చేటప్పుడు అది మా శేషగిరి నెత్తిన ఉంటుంది."

శేషగిరి ఆయన అల్లుడు. మంత్రి వేషం వేస్తాడు. ఆ మాట విని కిరీటం ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు. తిరిగి రాజమండ్రి వచ్చేదాకా ఎక్కడైనా కూర్చోవాల్సివస్తే దానిమీదే కూర్చునేవాడు.

"మరి బాబాయ్‌కి ఏ వేషం ఇస్తారు?" అన్నాను.

"భటుడు. ఈటె పట్టుకుని నిలబడాలి. గొంతుతో పనిలేదు."

కోటయ్య గోదావరి వైపు చూస్తూ, "నీ బాకామీదే ఉందిరా నా కిరీటం," అన్నాడు. అంత బరువు నా బాకామీద ఎప్పుడూ పడలేదు.

లాంచి మీద

గొంతు పోయిన మనిషి లాంచి ఎక్కితే లాంచి మీద ఉన్నవాళ్ళందరూ వైద్యులే. పోలవరంలో ఎక్కిన ఒక మామ్మ మామిడితాండ్ర అమ్ముతూ, మిరియాల పాలు తాగమంది. తాండ్ర గొంతుకి మంచిదా అంటే, "మంచిది కాదు నాయనా, కానీ కొను," అంది. ఇలాంటి వ్యాపారిని నేను ఇంతవరకూ చూడలేదు. రెండు కొన్నాను. లాంచి నడిపే సరంగు కరక్కాయ బుగ్గన పెట్టుకోమన్నాడు. లాంచి వంటవాడు తన చేపల పులుసు తింటే ఏ రోగమైనా వదిలిపోతుందన్నాడు. పులుసు తిన్నాక అది నిజమేననిపించింది. రోగం ఆ కారంలో ఉండలేదు. కోటయ్య ఎవరు ఏది చెప్తే అది పుచ్చుకున్నాడు.

పాపికొండల మధ్యకి వచ్చేసరికి నది సన్నబడి, కొండలు రెండువైపులా దగ్గరికొచ్చాయి. వెళ్ళనివాళ్ళ కోసం చెప్తున్నాను: అక్కడ మనిషి దగ్గితే కొండ కూడా దగ్గుతుంది. కోటయ్య లాంచి చివరికి వెళ్ళి, ఎవరూ చూడటం లేదనుకుని, ఒక పద్యం ఎత్తుకున్నాడు. రాగం దగ్గర ఎప్పటిలాగే ఆరిపోయింది. ఆయన ఆగిపోయాక కొండలు అందుకుని కొంచెంసేపు సాగదీశాయి. ఆయనకంటే బాగానే తీశాయి.

"నాయుడుగారూ, ఈ కొండల్ని కూడా తీసుకుపోదామా?" అన్నాను.

"బాడుగ నువ్విస్తావా?" అన్నారాయన.

శబరి ఇసుక

కూనవరం దగ్గర గోదావరిని వదిలి శబరిలోకి తిరిగాం. లాంచి అక్కడితో సరి, తర్వాత నాటుపడవలు. గోదావరి మనుషుల్ని మోస్తుంది. ఎండాకాలం శబరి మనుషుల చేత పడవని మోయిస్తుంది. మోకాలి లోతు నీళ్ళలో దిగి, తోసి, మళ్ళీ ఎక్కి, ఇంతలో మళ్ళీ దిగి, ఆ దారిలో సగం మేము నడిచే వెళ్ళాం. పడవవాడికి మాత్రం కేవు డబ్బులు పూర్తిగా ఇచ్చాం.

తడవని చోట పెట్టాలని బ్యాటరీని కోటయ్య దుస్తుల పెట్టె మీద పెట్టాను. పడవ ఒక ఇసుక మేటని గుద్దింది. బ్యాటరీ ఒక పక్కకి ఒరిగింది. దాని బిరడాలు ఊడవని నాకు అమ్మినవాడు ప్రమాణం చేశాడు. అవి ఊడలేదు, వాటి పక్కనుంచి యాసిడ్ వచ్చింది.

యాసిడ్ పెట్టె చెక్కల సందులోంచి దిగి, రాజుగారి ముఖమల్ అంగీని అందుకుంది. విప్పి చూస్తే వెనకవైపు, నడుముకి కాస్త కింద, అప్పడం అంత బొక్క. అంచులు మాత్రం చక్కగా గుండ్రంగా వచ్చాయి. ఆ మాట కోటయ్యతో అన్నాను. ఆయన మెచ్చుకోలేదు.

"రాజు జనానికి వీపు చూపించడు కదా బాబాయ్. ఎప్పుడూ ముందుకే తిరిగి ఉండండి."

"సింహాసనం వెనకుంటుంది. దాని దగ్గరికి ఎలా పోను?"

"వెనక్కి నడవండి. రాజుకి తొందరేముంటుంది?"

ఆయన పడవ దిగాడు. తర్వాత ఆ ఇసుకలోనే వెనక్కి నడవడం సాధన మొదలుపెట్టాడు. శేషగిరి పెట్టె మీద కూర్చుని చూస్తున్నాడు.

కోంట నాకా

కోంటలో సంస్థానం మొదలవుతుంది. నదిలోంచి గట్టెక్కితే సామాను తనిఖీ చేసే నాకా. అక్కడి ముంషీ దంతెవాడ మనిషి. ఎదురుగా ఉన్నవాడి మొహం చూసి తెలుగో, హిందీయో, హల్బీయో నిర్ణయించుకుంటాడు. నా మొహం చూసి మూడూ కొంచెం కొంచెం వాడాడు.

"పెట్టెల ఏంది సామాన్?"

"మాటని పెద్దది చేసే యంత్రమండి."

"వైర్‌లెస్ గిట్ల కాదు గద?"

చుట్టలు చుట్టలుగా ఉన్న వైరు చూపించాను. ఆయనకి నమ్మకం కుదిరింది. కుదిరాక అసలు ప్రశ్న అడిగాడు.

"మాట పెద్దగ చేసుడు ఎందుకు?"

"దూరంగా ఉన్నవాళ్ళకి వినబడాలని."

ఆయన కలం చెవిమీద పెట్టుకుని ఆలోచించాడు. "దూరమున్నోళ్ళు దగ్గరికి రారా?"

ఈ పనిలోకి వచ్చాక ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఆ వెంటనే ఆయన హుకుం జారీ చేశాడు. యంత్రం ఏం చేస్తుందో చూపిస్తేనే నాకా దాటనిస్తాడట. సెట్టు విప్పి, మైకు ఆయన నోటిదగ్గర పెట్టాను. సర్కారువారి మనిషి కదా, ఏదో గంభీరంగా చెప్తాడనుకున్నాను. ఆయన హిందీలో భార్యని పిలిచి, అన్నం అయిందా, ఈవేళ కూడా సొరకాయేనా అని అడిగాడు. అది కోంట అంతా వినబడింది. నాలుగిళ్ళ అవతలనుంచి ఆమె బయటికొచ్చి, సొరకాయే అని జవాబు చెప్పింది. ఆమెకి మైకు అక్కర్లేకపోయింది.

ముంషీ మైకు నా చేతిలో పెట్టి, "జావ్, జావ్," అన్నాడు. పెట్టెలు కట్టుకుని, ఆయన వేరే హుకుం ఇవ్వకముందే బయటపడ్డాం.

బండి దారి

కోంట నుంచి మరైగూడకి ఎడ్లబండ్లు. నా బండి ఎంకన్నది. మరైగూడ దగ్గర పొలం చేసుకునే తెలుగు రైతు. ఎడ్లని దొర్లవాళ్ళ భాషలో తిడతాడు, ఎదురొచ్చిన సిపాయికి హిందీలో దండం పెడతాడు, నాతో తెలుగులో మాట్లాడతాడు. ఎడ్లని తెలుగులో ఎందుకు తిట్టవు అని అడిగాను.

"తెలుగుల తిడితే నిన్ననుకుంటవ్," అన్నాడు.

మధ్యాహ్నం ఒక గూడెం దగ్గర ఆగాం. ఆకు దొప్పల్లో జావ పోశారు. నంజుకోడానికి ఎర్ర చీమల పచ్చడి. మన ఇళ్ళల్లో పంచదార డబ్బా చుట్టూ నీళ్ళుపోసి చీమల్ని దూరం పెడతాం. వీళ్ళు పంచదార జోలికే పోకుండా చీమల్ని రోట్లో వేశారు. నిమ్మకాయ లాంటి పులుపు, పైన కారం. మొదటి ముద్ద కళ్ళు మూసుకుని తిన్నాను, మూడో ముద్దకి ఇంకొంచెం వెయ్యమన్నాను. నాయుడుగారు తన శాకాహారాన్ని గుర్తుచేసుకున్నారు. లాంచి మీద చేపల పులుసు తిన్నప్పుడు అది ఆయనకి గుర్తురాలేదు.

జాతర దారి పొడవునా జనం. ఆడవాళ్ళు బుట్టల్లో చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తీసుకుపోతున్నారు. అమ్మకానికి కాదు, ఉప్పుకి. దోసెడు ఉప్పు ఇస్తే దోసెడు సారపప్పు. మా ఇంట్లో పండగనాడు పాయసంలో సారపప్పు పలుకులు లెక్కపెట్టి వేస్తుంది మా అమ్మ. ఈ సంగతి ముందే తెలిసుంటే బ్యాటరీ వదిలేసి ఉప్పు బస్తా మోసుకొచ్చేవాణ్ణి.

గొంతు వైద్యం ఇక్కడా తప్పలేదు. తెల్లారగట్ల దించిన జీలుగు కల్లు తాగితే గొంతు తెరుచుకుంటుందని ఎంకన్న చెప్పాడు. కోటయ్య తాగాడు. గొంతు తెరుచుకోలేదు కానీ ఆ పూట వెనకనడక బాగా వచ్చింది.

మరైగూడ, పొద్దున

గుత్తేదారు బయలు మధ్యలో వెదురుతో మంచి స్టేజీ కట్టించాడు. నాయుడుగారు చూసి సంతోషించి, దీపాలు ఎక్కడ వేలాడదీయాలో చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు ఊరి పటేల్ వచ్చాడు. ముత్తయ్య పేరు. దొర్లాయన, బక్కమనిషి, భుజంమీద తువ్వాల, చేతిలో గొడ్డలి.

"దీపాలేంది?" అన్నాడు.

"ఆట రాత్రికి కదా పటేల్‌గారూ."

"మాపటేల ఎవరుంటరు? పొద్దు గుంకకముందే ఎవరూరు వాళ్ళు చేరాలె. దారిల పెద్దపులి తిరుగుతాంది. మీరు మాపటేల ఆడితే సూడనీకి అదొక్కటే వస్తది." కాస్త ఆగి, "అది ఎనక వరసల కూసోదు," అన్నాడు.

ఆట మిట్టమధ్యాహ్నానికి మారిపోయింది. నాయుడుగారి సమాజం పుట్టి బుద్ధెరిగాక పగటిపూట ఆడలేదు. దీపాల వెలుగులో దేవేంద్రుడిలా ఉండే మొహం రంగు ఎండలో సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. ఇంకా చెమట పడితే ఆ గోడ వానలో తడిసినట్టు ఉంటుంది. అయినా పులికంటే ఎండ మేలని అందరం ఒప్పుకున్నాం.

నేను చెట్టు వెతుక్కున్నాను. స్టేజీకి బాగా దూరంలో, బయలు చివర ఒక చింతచెట్టు. ఎంత పెద్దదంటే దాని కింద రెండు పెళ్ళిళ్ళు ఒకేసారి చేయొచ్చు. నా జన్మలో అంత మంచి చెట్టుకి బాకా కట్టలేదు. పైకెక్కి, కొమ్మకి బిగించి, వైరు లాగి, సెట్టు వెలిగించాను. వాల్వులు ఎర్రబడేదాకా మాట రాదు, కాసేపు ఆగాలి.

పక్కనే డోళ్ళవాళ్ళు గడ్డిమంట వేసి డోళ్ళు కాచుకుంటున్నారు. ఒకాయన వచ్చి నా పెట్టెలోకి తొంగిచూశాడు.

"నీది గూడ కాగాల్నా?"

"కాగాలి."

"ఎంతసేపు?"

"చుట్ట కాల్చినంతసేపు."

"మాది గూడ గంతే," అని చుట్ట ఇచ్చాడు. ఇద్దరం కూర్చుని కాల్చాం. వృత్తిలో ఉన్నవాళ్ళకి ఎక్కువ మాటలు అక్కర్లేదు.

మైకు చెంపమీద రెండు వేసి, "హలో, హలో, ఒకటి, రెండు, మూడు," అన్నాను. జాతర జాతరంతా తిరిగి, "ఒకటీ, రెండూ, మూడూ," అంది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అన్నారు. నన్ను వెక్కిరిస్తున్నారేమోనని ఎంకన్నని అడిగాను. నా బతుకంతా నేను ఒకరిని వెక్కిరించడమే కాని ఇంతమంది కలిసి నన్ను వెక్కిరించడం ఎప్పుడూ లేదు.

"ఎక్కిరించుడు కాదు," అన్నాడు ఎంకన్న. "ఎవరన్న ఎత్తుకుంటే తోక మేం అందుకోవాలె. ఈడ పాటంటే గట్లనే. ఊకె కూసుంటే పాడెటోన్ని అవమానించినట్టు."

మరైగూడ, ఎండ పొద్దు

ఆట మొదలయింది. హార్మోనియం వాయించారు, ప్రార్థన పాడారు. కోటయ్య కిరీటం పెట్టుకుని, జనానికి ఎదురుగా, అంటే జనం ఉండాల్సిన చోటుకి ఎదురుగా, పక్కనుంచి పీతలాగా జరుగుతూ ప్రవేశించాడు. ఎదురుగా గొడుగు కింద కుర్చీలో గుత్తేదారు ఉన్నాడు. పక్కన ఆయన గుమాస్తా. కొంచెం వెనక ఒక మేక. ఇంకెవరూ లేరు.

మిగిలిన జాతర మొత్తం చింతచెట్టు కింద కూర్చుని ఉంది. అందరూ బాకాకి ఎదురుగా, స్టేజీకి వీపులు పెట్టి, హాయిగా వింటున్నారు.

కోటయ్య మొదటి పద్యం అందుకున్నాడు. రాగం దగ్గర గొంతు తగ్గింది. ఆ తగ్గిన గొంతునే నా బాకా చింతచెట్టు మీదనుంచి ఊరవతలదాకా పంపించింది. నా పనిలో లోపం లేదు. చెట్టు కింద జనం తోక అందుకున్నారు. ఆ తోక బయలంతా దాటి స్టేజీ దగ్గరికి వచ్చేసరికి కోటయ్య రెండో పద్యంలో ఉన్నాడు. ఈ పద్యం తలా, ఆ పద్యం తోకా కలిశాయి. హార్మోనియం వాయించేవాడు చేతులు తీసేశాడు. ఎవరో దూరంగా తనని చూసి అరుస్తున్నారని కోటయ్య అనుకున్నాడు. మేక వెళ్ళిపోయింది.

తెర వేశారు. నాయుడుగారు నా మీదకొచ్చారు.

"ఆఖరి వరుసకి వినబడాలన్నానా?"

"వినబడుతోందండి."

"అసలు వరుసేదిరా ఆఖరిది ఉండడానికి!"

నేను చింతచెట్టు దగ్గరికి పరిగెత్తాను. పటేల్ ముత్తయ్య వేరుమీద కూర్చుని ఉన్నాడు. ఆట అక్కడ జరుగుతోంది, ఇక్కడ కూర్చున్నారేంటని అడిగాను.

"ఆడ ఎండ, ఈడ నీడ," అన్నాడు. "మాట ఈడికే వస్తాంది గద. ఇంక ఆడికెందుకు?"

 నీడ మంచిదని చూడకుండా చెట్టు ఎత్తుగా ఉందని మాత్రమే చూసినవాణ్ణి నేనే. మన ఊళ్ళల్లో ఆట రాత్రిపూట కదా, నీడ సంగతి ఏ మైకువాడికీ తట్టదు.

బాకా విప్పి తెచ్చి స్టేజీ పక్కన పెట్టాను. మాట ఎక్కడుంటే జనం అక్కడికి రావాలి కదా. వచ్చారు కూడా. కోటయ్య నోరు తెరిచాడు. బాకా మాట మైకు చెవిన పడింది. రెండూ కలిసి కూత పెట్టాయి. కోడిపందేల దగ్గర రెండు పుంజులు పందెం వదిలేసి కలిసి అడవిలోకి పోయాయి. గుత్తేదారు గొడుగు కిందపడింది. నేను పరిగెత్తి తీగ పీకేలోగా జనం ఆ కూత తోక కూడా అందుకున్నారు. అంతమంది ఒకేసారి, అదే శ్రుతిలో. చాలా బాగా వచ్చింది. ఇంకోసారి పెట్టమన్నారు. నేను పెట్టలేదు. పుంజుల యజమానులు నాకోసం వెతుకుతున్నారు. ఎండ కాలుస్తోంది, జనం తిరిగి నీడకి వెళ్ళిపోయారు. నేను బాకా మోసుకెళ్ళి మళ్ళీ చెట్టుకే కట్టాను. ఇంకెక్కడ కట్టను?

తిరిగొచ్చేసరికి కోటయ్య సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. మొహం రంగు గడ్డంమీదికి దిగింది. శేషగిరి మంత్రి తలపాగా తీసేసి జుట్టు దువ్వుకుంటున్నాడు.

"అప్పన్నా," అన్నాడు కోటయ్య నెమ్మదిగా, "భటుడి ఈటె ఎంత బరువుంటుంది?"

నాకు హాస్యం తట్టలేదు. ఇలాంటిది నాకు తరచుగా జరగదు.

పటేల్ ముత్తయ్య నా వెనకే వచ్చి నిలబడి ఉన్నాడు. కోటయ్యని ఆపాదమస్తకం చూసి, "రాజును ఈడ ఎండల పెట్టిన్రేంది? నీడకు తీస్కరాన్రి," అన్నాడు.

"రాజు స్టేజీ దిగడమా?" అన్నారు నాయుడుగారు.

"మా డోలాయన నడుమ నిలవడ్తడు. మేం చుట్టూ ఉంటం. రాజు డోలాయన కన్న పెద్దోడా?"

అలా పోల్చి చూడటం నాయుడుగారికి కొత్త. నేను అసలు చిక్కు చెప్పాను. బాకా ఆ చెట్టుమీదే ఉంది. మైకుని దాని కిందకి తీసుకెళ్తే మళ్ళీ కూతే. అంటే రాజు చెట్టు కిందకి వెళ్తే సెట్టు ఆపాలి.

కోటయ్య లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆపకురా. ఆపితే నా దగ్గరేముంది? రాగం మధ్యలో పోతుంది. అందరూ చూస్తూ ఉంటారు."

"ఎంతుంటె గంత పాడు," అన్నాడు ముత్తయ్య. "మిగిల్నది మేం పాడ్తం."

ప్రయాణం మొత్తం మీద కోటయ్య గొంతుకి చెప్పిన వైద్యాల్లో మింగేది ఏమీ లేనిది అదొక్కటే.

"చుట్టూ ఉంటారంటే…" కోటయ్య అంగీ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ముత్తయ్య వెనక్కి వెళ్ళి చూశాడు. తర్వాత తన పంచె ఒకచోట, తువ్వాల రెండుచోట్ల చూపించాడు.

"మా అందరియి బొక్కలే. నీది గుండ్రంగ ఉన్నది."

నేను చెప్తే కోపం వచ్చింది, పటేల్ చెప్తే కోటయ్య నవ్వాడు. నేను పెట్టె దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన రెండో ఇంగ్లీషు ముక్క వాడాను. వాల్వుల ఎరుపు తగ్గి, తగ్గి, పోయింది. ఒక ఆట మధ్యలో నా చేత్తో నేను ఆపడం అదే మొదలు. చెవులు ఖాళీగా అనిపించాయి.

రాజు బయలు దాటి చెట్టు వైపు నడిచాడు. వెనకే హార్మోనియం, దాని వెనక గుత్తేదారు, తన కుర్చీ తానే మోసుకుంటూ. పటేల్ తర్వాత బొక్క చూసింది ఆయనే.

జనం లేచి దారిచ్చి చుట్టూ మూశారు. ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఏ వరసకీ రాజు ఎక్కువ దూరంలో లేడు. కోటయ్య నిలబడ్డాడు. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి వీపు చూపించక తప్పదు. ఒక్క చుట్టు నిదానంగా తిరిగాడు. బొక్క ఎవరి ముందుకి వస్తే వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆయనతోపాటు చుట్టూ తిరిగొచ్చింది. అందరూ చూసేశారు కాబట్టి ఇంక ఎవరూ దాన్ని చూడలేదు.

పద్యం ఎత్తుకున్నాడు. రాజు ఊరు వదిలి పోయే ఘట్టం. గొంతు చిన్నది, కొంచెం జీర. ఆకులు కూడా కదలటం లేదు, అందరికీ వినబడింది. చివరికి వచ్చాడు. రాగం తీశాడు. ఎప్పుడూ పోయే చోటే గొంతు పోయింది.

నాయుడుగారు కళ్ళు మూసుకున్నారు. నేను స్టేజీ దగ్గర వదిలేసిన పెట్టె వైపు చూశాను.

అప్పుడు ఎడమవైపు ఆడవాళ్ళు అందుకున్నారు. వాళ్ళకి మాట తెలియదు, మాటతో పనిలేదు, ఆయన వదిలిన చోటునుంచి రాగాన్ని పట్టుకున్నారు. కుడివైపు మగవాళ్ళు కింది శ్రుతిలో కలిశారు. అది చెట్టంతా నిండి, ఆయన ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ తీయనంత పొడుగు సాగి, నిదానంగా దిగింది. కోటయ్య నోరు కొంచెం తెరుచుకుని నిలబడిపోయాడు. ఊపిరి తీసుకోడానికి ఆయనకి ఇంత సమయం ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. రెండో పద్యానికి గొంతు పోకముందే తనే ఆపి, చెయ్యి చాపి, వాళ్ళకి అందించాడు. మూడో పద్యానికి ఏడుపు ఎవరిదో, రాగం ఎవరిదో తెలియలేదు. డోలాయన నా భుజం తట్టి, చుట్ట ఇచ్చాడు.

నాయుడుగారు ఆఖరి వరుసవాడికి వినబడిందో లేదో అడుగుదామని జనం వెనకకి వెళ్ళారు. ఆఖరి వరుసవాడు పాడుతున్నాడు, అడగడానికి కుదరలేదు. తిరిగొచ్చి, "పాడుతున్నాడంటే వినబడినట్టే లెక్క," అన్నారు, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

పొద్దు వాలకముందే ఆట ముగించాం. బయలు చూస్తుండగానే ఖాళీ అయింది. పులి సంగతి వాళ్ళకి హాస్యం కాదు. వెళ్తూ వెళ్తూ కూడా అడవి దారుల్లోంచి ఆ రాగం తోక ఒకచోట, ఇంకోచోట వినబడింది. శేషగిరి పెట్టె మీదనుంచి లేచి, మూత తీసి, కోటయ్య కిరీటం అందులో పెట్టుకునేదాకా ఆ మూత ఎత్తి పట్టుకున్నాడు. అతనిదీ చెడ్డ మనసు కాదు. ఆ పెట్టె మీద ఎత్తు సరిపోయేదంతే.

తిరుగు దారి

కోంట నాకాలో ముంషీ గుర్తుపట్టాడు. "మెషిన్ మంచిగ నడిచిందా?"

"ఆపాక బాగా నడిచిందండి."

ఆయన అదేం గొప్ప కాదన్నట్టు తలూపి, మేం జాతరలో కొనుక్కొచ్చిన చింతపండు మూటలు చూపించమన్నాడు.

రాజమండ్రిలో ఇప్పుడు కోటయ్య ఆట ఉంటే జనానికి ముందే చెప్పి పెడుతున్నారు: రాజు చెయ్యి చాపితే రాగం అందుకోండి అని. మొదట్లో సిగ్గుపడ్డారు, ఇప్పుడు పోటీపడుతున్నారు. అంగీకి మాసిక వెయ్యనివ్వడు.

మొన్న కాఫీ హోటల్లో ఈ కథంతా చెప్తున్నాను. నా వల్లే, నా సెట్టు వల్లే, నేను సమయానికి ఆలోచించడం వల్లే కోటయ్య బాబాయ్ కిరీటం నిలబడిందని చెప్తూ, బాకా ఎలా కట్టానో, చెట్టు ఎంత ఎత్తో, వాల్వులు ఎలా ఎర్రబడ్డాయో మూడోసారి మొదలుపెట్టాను. మూల బల్ల దగ్గర కోటయ్య ఉన్నాడని నేను చూడలేదు. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అవున్రా అప్పన్నా, నువ్వే కాపాడావు. ఆ రోజు ఎలా ఆపావో, ఇవాళా అలాగే ఆపు."